శనివారం టర్ఫ్‌కు సోమవారం నుంచే సిద్ధం

వారానికి ఒకటి రెండుసార్లు టర్ఫ్ మీద ఫుట్‌బాల్ ఆడే ఉద్యోగులకు వార్మప్ రెండు రకాలుగా పనికొస్తుంది. మొదటి లాభం ఆ పూటే కనిపిస్తుంది: కాళ్లు చురుగ్గా కదులుతాయి, తొలి పది నిమిషాల్లో ఆయాసం తక్కువగా ఉంటుంది. రెండో లాభానికి వారాలు పడుతుంది: బెణుకులు, తొడ పట్టేయడాలు, మోకాలి దెబ్బలు తగ్గుతాయి. మొదటిదానికి ఆటకు ముందు పావుగంట చాలు. రెండోది ఆ పావుగంటతో రాదు. వారం మధ్యలో ఇంట్లో చేసిన కసరత్తుతోనే వస్తుంది. ఈ తేడా తెలియక కొందరు వార్మప్ జోలికే పోరు. మరికొందరు మైదానం చుట్టూ రెండు రౌండ్లు కొట్టి, ఇక దెబ్బ తగలదని ధీమాగా ఉంటారు.

గచ్చిబౌలి, కొండాపూర్‌లలోనైనా, విశాఖ, విజయవాడల్లోనైనా టర్ఫ్ అద్దె గంట లెక్కన ఉంటుంది. డబ్బు కట్టిన గంటలో పావుగంట వార్మప్‌కు పోతే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. పైగా సగంమంది ట్రాఫిక్‌లో ఇరుక్కుని స్లాట్ మొదలయ్యాకే వస్తారు. పొద్దున్నుంచీ కుర్చీలో కూర్చున్న ఒళ్లు మొదటి నిమిషంలోనే పూర్తి వేగంతో పరుగెత్తాలి, ఉన్నట్టుండి ఆగాలి, ఒంటికాలి మీద తిరగాలి. ఐదుగురు ఐదుగురుగా ఆడే చిన్న మైదానంలో ఇలా ఆగడం, తిరగడమే ఎక్కువ. కాబట్టి పూర్తి మైదానంలో ఆడేవాళ్ల కన్నా మనకు వార్మప్ అవసరం తక్కువేమీ కాదు.

ఒళ్లు వేడెక్కితే ఏం జరుగుతుంది

వార్మప్ చేసే పనుల్లో ముఖ్యమైనది కండరాన్ని వేడెక్కించడమే. వేడెక్కిన కండరానికి నాడుల నుంచి సంకేతం త్వరగా అందుతుంది, శక్తిని విడుదల చేసే రసాయన చర్యలు వేగంగా జరుగుతాయి, బిగుతు తగ్గుతుంది. కండరం ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే దూకడం, వేగంగా పరుగెత్తడం లాంటి పనుల్లో సామర్థ్యం 2 నుంచి 5 శాతం దాకా పెరుగుతుందని క్రీడా శరీరశాస్త్ర పరిశోధనలు చెబుతున్నాయి. బంతికి మీరు ముందు చేరతారా, ఎదుటివాడు ముందు చేరతాడా అన్నది తేల్చడానికి ఆపాటి తేడా సరిపోతుంది.

పని మొదలుపెట్టిన మూడు నుంచి ఐదు నిమిషాల్లో కండరం వేగంగా వేడెక్కుతుంది. పది నుంచి ఇరవై నిమిషాలకు ఆ పెరుగుదల ఒక స్థాయికి చేరి నిలుస్తుంది. అందుకే రెండు నిమిషాల గెంతులు చాలవు, నలభై నిమిషాల కసరత్తూ అక్కర్లేదు. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోతే గుండె, ఊపిరితిత్తులు కూడా ఆటకు తగ్గ స్థాయికి ముందే చేరతాయి. కండరాలకు ఆక్సిజన్ సరఫరా అప్పటికే పెరిగి ఉంటుంది కాబట్టి ఆట మొదట్లోనే ఊపిరి అందక నడుం మీద చేతులు వేసుకుని నిలబడాల్సిన అవసరం రాదు.

అయితే ఈ వేడి నిలవ ఉండదు. వార్మప్ అయ్యాక జట్లు పంచుకోవడం, జెర్సీల రంగు మీద వాదన, ఫొటోలు అంటూ పది నిమిషాలు దాటిస్తే అది క్రమంగా దిగిపోతుంది. అవన్నీ ముందే ముగించి, వార్మప్ అయిన వెంటనే ఆట మొదలుపెట్టాలి.

సాగదీసి పట్టుకోవడం ఎప్పుడు

మన బడుల్లో డ్రిల్ పీరియడ్ నుంచి అలవాటైన వార్మప్ అంటే నిలబడి వంగి కాలివేళ్లు పట్టుకోవడం, మడమ వెనక్కి మడిచి అర నిమిషం ఉంచడం. ఆటకు ముందు ఇదొక్కటే చేస్తే లాభం తక్కువ, కాస్త నష్టం కూడా ఉంది. ఒక్కో కండరాన్ని 60 సెకన్లు, అంతకు మించి సాగదీసి పట్టుకుంటే ఆ వెంటనే చేసే పనిలో సామర్థ్యం సగటున 4 నుంచి 5 శాతం తగ్గుతోందని 2016లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష తేల్చింది. 60 సెకన్ల లోపు అయితే ఆ తగ్గుదల సుమారు ఒక శాతమే. అంటే కొద్దిసేపు సాగదీసి, తర్వాత కదిలే వ్యాయామాలు చేస్తే ముప్పేమీ లేదు. ఎక్కువసేపు పట్టి ఉంచే స్ట్రెచింగ్‌ను మాత్రం ఇంటికెళ్లాకో, సెలవు రోజునో పెట్టుకోండి.

దాని మీద పెట్టుకునే మరో ఆశ కూడా నెరవేరదు. ఆట ముందు గానీ, తర్వాత గానీ సాగదీసినంత మాత్రాన మర్నాటి ఒళ్లు నొప్పులు చెప్పుకోదగినంతగా తగ్గవు. చాలా రోజుల తర్వాత ఆడితే రెండు రోజులు కాళ్లు నొప్పి పుట్టడం సహజం. ఆ నొప్పిని తగ్గించే అసలు మార్గం మానకుండా ఆడుతుండటమే.

ఆటకు ముందు పావుగంట

టర్ఫ్ బయట పార్కింగ్ స్థలం, పక్క సందు, వల వెనక ఉన్న ఖాళీ జాగా ఏదైనా సరే. కావలసింది పరుగెత్తడానికి చాలినంత జాగా, ఒక బంతి. స్లాట్ ఎనిమిదికైతే ఏడూ నలభైకే చేరుకోండి.

1. మొదటి నాలుగు నిమిషాలు: మాట్లాడుకుంటూ చేయగలిగినంత మెల్లని పరుగు. ముందుకు, వెనక్కి, పక్కవాటుగా. మధ్యలో మోకాలు పైకెత్తి తుంటి నుంచి బయటికి తిప్పడం, మళ్లీ లోపలికి తిప్పడం.

2. తర్వాతి నాలుగు నిమిషాలు: కదులుతూ చేసేవి. పెద్ద అంగ వేసి ముందు మోకాలు వంచడం, కాళ్లను ముందుకూ వెనక్కూ, అటూ ఇటూ ఊపడం, మడమలు పిరుదులకు తగిలేలా పరుగు, మోకాళ్లు ఎత్తుతూ పరుగు, చేతులు ముందుకు చాపి గుంజీలు. ఒక్కోటి పది పన్నెండుసార్లు.

3. ఆపై మూడు నిమిషాలు: బంతితో. ఇద్దరిద్దరు జట్టుగా చిన్న పాస్‌లు, రెండు కాళ్లతోనూ. కీపర్‌కు మొదట చేతికి అందేలా, తర్వాత పక్కలకు బంతులు వేయాలి. కీపర్లు వార్మప్ మానేస్తే భుజం, గజ్జ పట్టేస్తాయి.

4. చివరి నాలుగు నిమిషాలు: వేగం పెంచాలి. మొదటి పరుగు సగం వేగంతో, తర్వాతిది ముప్పావు వేగంతో, ఆఖరి రెండు దాదాపు పూర్తి వేగంతో. నాలుగైదు అడుగులు పరుగెత్తి ఠక్కున దిశ మార్చడం. నాలుగైదుసార్లు పైకి దూకి, మోకాళ్లు వంచి మెత్తగా దిగడం.

ఎక్కువమంది వదిలేసేది ఈ నాలుగో భాగమే. మెల్లగా పరుగెత్తి ఆపేస్తే ఆటలో మొదటి పూర్తి వేగపు పరుగే ఆ రోజుకు మొదటి వేగపు పరుగవుతుంది. తొడ వెనక కండరం ఎక్కువగా దెబ్బతినేది అలాంటి పరుగులోనే.

ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఒకే నియమం పెట్టుకోండి: వచ్చిన వెంటనే ఆడకూడదు, గీత బయట ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని, సబ్‌స్టిట్యూట్‌గా లోపలికి రావాలి. ఈ నియమం ముందు మేనేజరైనా, కొత్తగా చేరిన ఫ్రెషరైనా ఒకటే.

బెంచీ మీద, విరామంలో

డెన్మార్క్ పరిశోధకులు 2004లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉద్యోగ జట్లకూ పనికొస్తుంది. హాఫ్‌టైంలో ఊరికే కూర్చున్న ఆటగాళ్ల తొడ కండరం ఉష్ణోగ్రత సుమారు రెండు డిగ్రీలు పడిపోయింది. రెండో అర్ధభాగం మొదట్లో వాళ్ల పరుగు వేగం కూడా 2.4 శాతం తగ్గింది. అదే విరామంలో ఏడు నిమిషాలు మెల్లగా పరుగు, తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లలో ఆ తగ్గుదల కనిపించలేదు.

టర్ఫ్ ఆటల్లో మార్పులకు పరిమితి ఉండదు. ఐదు నిమిషాలు ఆడి, పది నిమిషాలు ఫోన్ చూస్తూ కూర్చుని, మళ్లీ ఒక్కసారిగా లోపలికి దూకుతాం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇది మరీ ప్రమాదం. బెంచీ మీద ఉన్నప్పుడు పూర్తిగా చల్లబడకుండా గీత పక్కన నడుస్తూ ఉండండి. లోపలికి వెళ్లే ముందు రెండు నిమిషాలు పరుగు, రెండు వేగపు పరుగులు, నాలుగు దిశ మార్పులు చేయండి.

దెబ్బలు తగ్గించే వార్మప్ వేరు

ఇక రెండో లాభం సంగతి. ఫుట్‌బాల్‌లో వార్మప్‌తో దెబ్బలు తగ్గించవచ్చా అన్నదాని మీద జరిగినంత పరిశోధన మరే ఆటలోనూ జరగలేదేమో. ఇందులో పేరు పడినది ‘ఫిఫా 11 ప్లస్’. ఫిఫా వైద్య పరిశోధన విభాగం, ఓస్లోలోని క్రీడా గాయాల పరిశోధన కేంద్రం, అమెరికాలోని శాంటా మోనికా క్రీడా వైద్య నిపుణులు కలిసి 2006లో దీన్ని రూపొందించారు. మొత్తం 15 వ్యాయామాలు, ఇరవై నిమిషాలు. మొదట ఎనిమిది నిమిషాలు పరుగులు, తర్వాత పది నిమిషాలు బలం, నిలకడ, దూకే వ్యాయామాలు, చివర రెండు నిమిషాలు వేగపు పరుగులు. వారానికి కనీసం రెండుసార్లు చేయాలి. మ్యాచ్ రోజున మధ్యలోని బలం వ్యాయామాలు వదిలేసి, పరుగుల భాగాలు మాత్రమే చేస్తారు.

నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలు 1,892 మంది మీద దీన్ని పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. ఈ వార్మప్ చేసిన జట్లలో మొత్తం గాయాలు మూడో వంతు, తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. అమెరికా కాలేజీ పురుషుల జట్లలో 2012 సీజన్‌లో చేసిన పరీక్షలో గాయాలు 46 శాతం తగ్గాయి.

ఈ అంకెలు చూసి మనమూ శనివారం ఇరవై నిమిషాలు చేస్తే సరిపోతుందనుకోవద్దు. జర్మనీలో 32 ఏళ్లు దాటిన వెటరన్ ఆటగాళ్ల మీద ఇదే కార్యక్రమాన్ని పరీక్షించి 2015లో ఫలితాలు వెల్లడించారు. వాళ్లు సాధన చేసేది సుమారు వారానికొకసారి. అక్కడ తీవ్రమైన గాయాలు తగ్గాయి గానీ మొత్తం గాయాల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు. వయసులోనూ, సాధనలోనూ మన ఆఫీసు జట్లకు దగ్గరగా ఉన్నది ఈ జర్మన్ వెటరన్లే, నార్వే అమ్మాయిలు కాదు. లాభం పెద్దగా రాకపోవడానికి వారానికొకసారి సాధన చాలకపోవడమే కారణం కావచ్చని ఆ పరిశోధకులు కూడా అన్నారు.

ఉద్యోగులు ఫుట్‌బాల్ ఆడటం హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఉద్యోగుల జట్టే. దానికి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానంలో నిలిపిందీ, 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చిపెట్టిందీ ఆయన శిక్షణే. కానీ ఆ ఉద్యోగులకు ఆట కూడా ఉద్యోగంలో భాగం. మనకు మిగతా వారమంతా కుర్చీయే. ఆ వెలితిని కొంతైనా పూడ్చేది వారం మధ్యలో చేసే కసరత్తే.

వారం మధ్యలో రెండు పూటలు, పావుగంట చొప్పున

బలం వ్యాయామాలను ఆటకు ముందే చేయాలన్న నిబంధన లేదు. ఆస్ట్రేలియాలో ‘11 ప్లస్’ మధ్య భాగాన్ని సాధన చివరికి మార్చి చూస్తే, గాయాలు పెరగకపోగా ఆటగాళ్లు మానకుండా చేశారు. ఉద్యోగులకు ఇది మంచి కబురు. శని, ఆదివారాల్లో ఆడేవాళ్లు సోమ, బుధవారాలో, మంగళ, గురువారాలో ఎంచుకోండి. ఆటకు ముందు రోజు మాత్రం వద్దు.

మొదటిది తొడ వెనక కండరానికి. పరుపు మీద మోకాళ్లపై నిలబడి, పాదాలను మంచం కిందో, సోఫా కిందో గట్టిగా ఇరికించండి, లేదా ఇంట్లో ఎవరినైనా చీలమండలు పట్టుకోమనండి. మోకాళ్ల నుంచి తల దాకా ఒకే గీతలో ఉంచి వీలైనంత మెల్లగా ముందుకు వాలండి. ఇక ఆపలేమనిపించినప్పుడు చేతులు ఆనించి, నేలను నెట్టి పైకి లేవండి. దీని పేరు నార్డిక్ హామ్‌స్ట్రింగ్. మొదటి వారం ఒక్క పూటే, ఐదేసి చొప్పున రెండుసార్లు. రెండో వారం రెండు పూటలు, ఆరేసి చొప్పున. అలా పది వారాల్లో పన్నెండు, పది, ఎనిమిది చొప్పున మూడుసార్ల దాకా పెంచాలి. డెన్మార్క్‌లో ప్రొఫెషనల్, అమెచ్యూర్ జట్లు 50 కలిపి దీన్ని పరీక్షిస్తే తొడ వెనక కండరానికి కొత్తగా తగిలే గాయాలు సగానికి పైగా తగ్గాయి. ఒకసారి తగ్గి మళ్లీ తిరగబెట్టేవి ఇంకా ఎక్కువగా తగ్గాయి. ఆ కార్యక్రమంలో పది వారాల తర్వాత వారానికొకసారి చేస్తూ పోయారు. మొదటి రెండు వారాలు తొడలు బాగా నొప్పి పుడతాయి, భయపడి మానేయకండి.

రెండోది గజ్జకు. పక్కకు తిరిగి మోచేయి ఆనించి పడుకోండి. పై కాలి మోకాలిని కుర్చీ మీద పెట్టి నడుము పైకెత్తండి. కింది కాలిని పైకి తెచ్చి కుర్చీకి ఆనించి, మళ్లీ దించండి. ఒక్కో వైపు ఐదారుతో మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ పెంచండి. బలం వచ్చాక మోకాలికి బదులు చీలమండను కుర్చీ మీద పెట్టండి. కోపెన్‌హేగెన్ వ్యాయామంగా పేరుపడిన దీని ఆధారంగా రూపొందిన కార్యక్రమం నార్వే జట్లలో గజ్జ సమస్యల ముప్పును 41 శాతం తగ్గించింది.

మూడోది చీలమండకు, మోకాలికి. ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి. అది సులువైపోతే కళ్లు మూసుకుని, ఆ తర్వాత ఎవరితోనైనా బంతి విసిరించుకుంటూ నిలబడండి. తర్వాత గుంజీలు పది, పైకి దూకి మెత్తగా దిగడం పది. అద్దం ముందు చేస్తే మంచిది. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలి ఒకదానికొకటి దగ్గరవుతుంటే సరిచేసుకోవాలి. మోకాలిలోని ఏసీఎల్ అనే స్నాయువు చాలాసార్లు ఎవరూ తగలకుండానే, దిశ మార్చేటప్పుడో, దూకి దిగేటప్పుడో అలా మోకాలు లోపలికి వాలినప్పుడే తెగుతుంది. మహిళల్లో ఈ గాయం ముప్పు పురుషుల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి మహిళా జట్లు ఈ మూడో వ్యాయామాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు. ఏసీఎల్ ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఆటకు రావడానికి సాధారణంగా తొమ్మిది నెలలకు తక్కువ పట్టదు. ముందు కొన్ని వారాలు ఆఫీసుకు బండి మీద వెళ్లడమే కష్టం.

ఎండ, వయసు, షూ

ఏప్రిల్, మే నెలల్లో ఒళ్లు వేడెక్కించడం కన్నా అతిగా వేడెక్కకుండా చూసుకోవడమే ముఖ్యం. వార్మప్‌ను ఎనిమిది నుంచి పది నిమిషాలకు కుదించండి, నీడలో చేయండి, వేగపు పరుగులు మాత్రం వదలకండి. విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో ఉక్క వల్ల చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. అక్కడ నీళ్ల విరామాలు ఎక్కువ పెట్టుకోవాలి. ఆటకు రెండు మూడు గంటల ముందు నుంచే నీళ్లు తాగుతూ ఉండండి. ఉప్పు వేసిన మజ్జిగ కూడా మంచిదే.

నలభై దగ్గరపడుతున్నవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు ఉన్నవాళ్లు, ఏళ్ల తర్వాత మళ్లీ ఆట మొదలుపెట్టేవాళ్లు ముందు డాక్టర్‌ను కలవాలి. ఆటలో ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా, గుండె దడ ఆగకపోయినా గ్యాస్ అని సర్దిచెప్పుకోకుండా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

పొడవాటి స్టడ్‌లున్న షూ పచ్చిక మైదానానికి. కృత్రిమ టర్ఫ్‌కు చిన్న రబ్బరు బొడిపెలున్న టర్ఫ్ షూ వాడాలి. పొడవు స్టడ్ గుచ్చుకుని పాదం అక్కడే ఆగిపోతే, తిరిగేది మోకాలే.

దెబ్బ తగిలితే

తొడ వెనక చురుక్కుమంటే ఆ రోజుకు ఆట ముగిసినట్టే. సాగదీసి, స్ప్రే కొట్టుకుని మళ్లీ లోపలికి వెళ్తే వారంలో తగ్గేది నెలకు పోతుంది. చీలమండ బెణికితే షూ విప్పి, కాలు ఎత్తులో పెట్టి, బ్యాండేజీ కట్టండి. సొంతంగా నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక చివర నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. ఆ కాలితో బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లొద్దు. మోకాలిలో టప్పుమని శబ్దం వచ్చి, కొన్ని గంటల్లోనే వాపు వస్తే ఎముకల డాక్టర్‌కు చూపించడంలో ఆలస్యం చేయకూడదు.

ఆఫీసు టోర్నమెంట్లు పెట్టేవారికి

కంపెనీ టోర్నమెంట్ షెడ్యూల్‌లో మ్యాచ్‌కు మ్యాచ్‌కు మధ్య పావుగంట ఖాళీ ఉంచండి. పక్కన చిన్న జాగా వార్మప్‌కు కేటాయించండి. ఒకే రోజు ఒక జట్టు చేత నాలుగు మ్యాచ్‌లు ఆడించకండి. తేదీ ప్రకటించేటప్పుడు కనీసం ఎనిమిది వారాల గడువు ఇచ్చి, పైన చెప్పిన మూడు వ్యాయామాలనూ అదే మెయిల్‌లో పంపండి. మైదానంలో ఐస్, బ్యాండేజీలు, ఒక ఫిజియో, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక కారు ఉంటే చాలు. ట్రోఫీల మీద పెట్టే ఖర్చులో ఇది కొంతే.

జట్టులో ఒకరికి వార్మప్ బాధ్యత అప్పగించండి. వాట్సాప్ గ్రూపులో స్లాట్ టైం రాసేటప్పుడు అసలు టైంకు ఇరవై నిమిషాలు ముందు రాయండి. సోమవారం రాత్రి భోజనానికి ముందు పావుగంట తీసి, మొదటి ఐదు నార్డిక్‌లు చేయండి. పది వారాలు మానకుండా చేశాకే అది మీకు పనికొచ్చిందో లేదో తేల్చుకోండి.